ఊరు మారితే ఊట ఊరునా?

నా ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే ఈమధ్య కాస్త గొంతు సవరించుకుని మరీ చెప్పాల్సి వస్తోంది. వెనక పత్రికల్లో కథలకు బొమ్మలు వేసేవాణ్ణి. ఇండియన్ ఇంకు సీసా, రెండు కుంచెలు, ఓ నిబ్బు. అదే నా కార్ఖానా. 2022లో నాలుగు మాటలు చెబితే చాలు, బొమ్మ గీసి పళ్ళెంలో పెట్టి అందించే యంత్రాలు, మిడ్‌జర్నీ అనీ, డాల్-ఈ అనీ, స్టేబుల్ డిఫ్యూజన్ అనీ ఒకదాని వెనక ఒకటి జనం చేతికొచ్చాయి. పొయ్యి మారితే వంటవాడు వంట మానేస్తాడా? నేనూ మారాను. ఇప్పుడు నన్ను ఏఐ ఆర్టిస్టు అంటారు. ఓ కంపెనీ వారు నన్ను ఊళ్ళు తిప్పుతూ, ఊరికి 30 చొప్పున ఆయా ఊళ్ళ తీరూ తెన్నూ కనబడే బొమ్మలు చేయించుకుని, క్యాలెండర్లకీ హోటళ్ళ గోడలకీ అమ్ముకుంటారు. తిరగడమూ ఉద్యోగమే, బొమ్మా ఉద్యోగమే. చూసేవాళ్ళకి ఇంతకన్న భోగం ఇంకోటి ఉండదు.

అంతటి భోగిని మొన్న సంక్రాంతి దాటేసరికి చతికిలబడ్డాను. యంత్రం ముందు కూర్చుంటే "చెట్టు" అన్న మాట కూడా వేళ్ళ చివరికి రాదు. నాలుగు బొమ్మలు ఎదురుగా వచ్చి నిలబడితే ఏది బాగుందో, ఏది బాగులేదో తెలియదు. అన్నీ బాగున్నట్టే ఉంటాయి. అన్నీ ఒకటే చెత్తలాగానూ ఉంటాయి. ఏళ్ళ తరబడి బొమ్మే తిండి పెట్టినవాడికి బాగోగులు తెలియకపోవడమంటే, వంటవాడికి నాలుక మొద్దుబారడమన్న మాట.

ఈ సంగతి నిజామాబాదులో ఉండే మా బావకి ఫోనులో చెప్పుకుంటే ఆయన పకపకా నవ్వాడు. "బొమ్మ మిషన్ గీస్తదాయె. నీకు అలుపేంది బామ్మర్దీ?" అన్నాడు.

ఇదుగో, ఈ ఒక్క ముక్కకి జవాబు చెప్పడానికే కలం పట్టాను. మా బావ ఒక్కడే అయితే ఇంట్లోనే తేల్చుకుందును. కాని అందరూ ఇదే మాట. చుట్టాలు, పక్కింటివాళ్ళు, పాత పత్రికల్లో నాతో పనిచేసిన స్నేహితులు కూడా. అందులో ఆ స్నేహితుల నవ్వు మరీ అన్యాయం. "దొంగ పని చేసేవాడికి నడుం నొప్పేమిట్రా" అన్న ధోరణి!

అయ్యా, కుంచెతో వేసే రోజుల్లో నేను రోజుకి రెండు బొమ్మలు వేసేవాణ్ణి. ఒక పూట రంగు పూశానంటే అది ఆరాలి. ఆరేలోగా టీ తాగేవాణ్ణి. వీధిలోకి చూసేవాణ్ణి. ఎదురింటి పెద్దమ్మ వడియాలు పెడుతుంటే కాకిని తోలేవాణ్ణి. మళ్ళీ వచ్చి చూస్తే బొమ్మలో తప్పు దానంతటదే కనబడేది. రంగు ఆరే ఆ అరగంటలోనే సగం బొమ్మ పూర్తయ్యేదని ఇప్పుడు తెలుస్తోంది. ఈ యంత్రానికి ఆరడం అన్నది లేదు. నిమిషం తిరక్కుండా నాలుగు బొమ్మలు. అందులో మూడింటిని కాదనాలి. నాలుగోదాన్ని మళ్ళీ నాలుగు చేయాలి. అందులో మళ్ళీ మూడింటిని కాదనాలి. నా పని గీయడం కాదండీ, కాదనడం. పొద్దున్నించి రాత్రిదాకా కాదు, కాదు, కాదు. పెళ్ళిచూపుల పేరయ్యని కూడా ఎవరూ రోజుకి నాలుగు వందల సంబంధాలు చూపించమని అడగరు!

ఇది నా ఒక్కడి ఏడుపేం కాదు. 2022లో అమెరికాలో కొలరాడో రాష్ట్రపు సంతలో జేసన్ ఆలెన్ అనే ఆయన మిడ్‌జర్నీతో చేయించిన బొమ్మకి బహుమతి వచ్చి పెద్ద గొడవైంది. ఆ ఒక్క బొమ్మ కోసం కనీసం 624 సార్లు మాటలు మార్చి మార్చి యంత్రానికి చెప్పానని ఆయన అన్నాడు. అయినా 2023లో అక్కడి కాపీరైటు కార్యాలయం వారు, యంత్రం చేసిన భాగం మనిషి రచన కిందికి రాదని కొట్టిపారేశారు. వారి తీర్పు వారిది. నేనేమీ హక్కుల కోసం కోర్టుకెక్కడం లేదు. నేననేదల్లా, బొమ్మ ఆయనది అవునో కాదో గాని ఆ 624 సార్ల అలుపు మాత్రం ముమ్మాటికీ ఆయనదే. దాన్ని యంత్రం ఖాతాలో ఎవరూ రాయలేరు.

యంత్రంతో బొమ్మ గీయించడం నిన్న మొన్నటి సంగతీ కాదు. హెరాల్డ్ కోహెన్ అనే చిత్రకారుడు 1970ల మొదట్లోనే ఆరన్ అని ఓ ప్రోగ్రాం రాసుకుని, 2016లో చనిపోయేదాకా దాంతోనే కాపురం చేశాడు. మొదట్లో ఆ ఆరన్ గీతలే గీసేది. రంగులు ఆయన చేత్తో వేసుకునేవాడు. అంటే ఆయనకి రంగు ఆరే వేళ మిగిలింది. నాకది మిగల్లేదు. తేడా అంతా అక్కడుంది.

సరే, అలుపు ఉందని ఎలాగో ఒప్పించాననుకోండి. వెంటనే రెండో మందు తీస్తారు: "నాలుగు ఊళ్ళు తిరిగి రావయ్యా, అదే ఊరుతుంది!" తలనొప్పి అంటే రోకలి తలకి చుట్టుకోమన్నాట్ట వెనకటికొకడు. నా ఉద్యోగమే తిరగడం మహాప్రభో! మంగలికి అలసటగా ఉందంటే, కాసేపు ఎవరికైనా గడ్డం గీసి రావయ్యా అన్నట్టుంది.

ఈ తిరగడం మందు ఎవరు కనిపెట్టారో గాని, శాస్త్రం కూడా దాన్ని ఒప్పుకోదు. పని చేసి చేసి మనిషి లోపల మసైపోవడానికి బర్నౌట్ అన్న పేరు వాడుకలోకి తెచ్చినవాడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికా మనస్తత్వవేత్త, 1974లో. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు తమ పట్టికలో దీని గురించి రాస్తూ, ఇది జబ్బు కాదు, పనిలో పుట్టే ఒత్తిడిని సరిగ్గా చూసుకోకపోతే వచ్చే స్థితి అన్నారు. పనిలో పుట్టినదానికి మందు రైలు టిక్కెట్టులో ఎలా దొరుకుతుంది? పొయ్యి మీద పాలు పొంగుతుంటే, పెరట్లోకి వెళ్ళి గాలి పీల్చుకోమంటారా?

అయినా వెళ్ళాను. మా అక్క మాట కాదనలేక వెళ్ళాను. "ఏం జెయ్యకు, పది దినాలు తిని పండు" అంది. మాఘమాసపు చివరి రోజులు. కాచిగూడలో రైలెక్కి, కామారెడ్డి దాటేసరికి ప్రాణం తేలికపడ్డట్టే ఉంది. ఇంతలో కంపెనీ నుంచి ఫోను. నిజామాబాద్ వెళుతున్నారట గదా, ఎలాగూ వెళుతున్నారు గనక ఓ 30 బొమ్మలు అని! ఈ "ఎలాగూ" అన్న మాటని నిఘంటువులోంచి తీసేయాలండీ. కూలి లేకుండా మనిషి చేత పని చేయించడానికి దీన్ని మించిన మాట ఇంకోటి పుట్టలేదు.

మర్నాడు మా బావ స్కూటరు మీద పసుపు గంజ్‌కి తీసుకెళ్ళాడు. నిజామాబాదు పసుపు సంగతి మీకు తెలిసిందే. ఏళ్ళ తరబడి రైతులు కొట్లాడగా కొట్లాడగా 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు వచ్చింది కూడా ఈ ఊరికే. ఆ సీజనులో గంజ్‌లో అడుగుపెడితే ముందు కనబడేది పసుపు కాదు, వాసన. ముక్కులోంచి గొంతులోకి దిగి కూర్చుంటుంది. తరవాత కొమ్ముల చప్పుడు. సంచీ కుమ్మరిస్తే చిన్న చిన్న గులకరాళ్ళు దొర్లినట్టు గలగలమంటాయి. హమాలీల కనురెప్పల మీద కూడా పచ్చటి దుమ్ము. ఒక రైతు కుప్ప మీద చెయ్యి వేసి కూర్చుని ఉన్నాడు, నిద్రపోతున్న పిల్లవాడి మీద వేసినట్టు. ధర ఇంకా చెప్పలేదట.

నేనేం చేశాననుకున్నారు? ఆ రైతు పక్కన కూర్చుని ఓ మాట మాట్లాడానా? లేదు. ఫోను తీసి, అక్కడికక్కడే యంత్రానికి నాలుగు మాటలు అందించాను. అది నిమిషంలో నాలుగు బొమ్మలిచ్చింది. బంగారు గుట్టల్లాంటి పసుపు, వాటి మధ్య రాజస్థానీ ఘాగ్రాలు కట్టిన అందగత్తెలు, పైనుంచి దేవతలు దిగేటంత వెలుగు! తలెత్తి చూసేసరికి ఆ రైతు లేచి వెళ్ళిపోయాడు. కుప్ప అమ్ముడుపోయిందో, ధర నచ్చక సంచులకెత్తుకున్నాడో నేను చూళ్ళేదు. చూడాల్సిన ఒక్కటీ నా కళ్ళెదుటే జరిగి, నేను చూడకుండానే అయిపోయింది. ఇదండీ ఊరు తిరగడమంటే! కొడవలి చేత పట్టుకుని తోటలోకి వెళ్ళినవాడికి తోట కనబడదు, కోతే కనబడుతుంది.

సాయంత్రం ఖిల్లా దగ్గరికి వెళ్ళాం. గుట్టమీద రఘునాథాలయం, దాని చుట్టూ కోట. ఒకప్పుడు అందులో జైలు ఉండేది. నిజాం కాలంలో దాశరథి కృష్ణమాచార్యగారిని పెట్టింది ఇక్కడే. పళ్ళు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో ఆయన గోడల మీద పద్యాలు రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామిగారు. ఆ తరవాత 1949లో వచ్చిన అగ్నిధారను దాశరథిగారు ఆయనకే అంకితమిచ్చారు. మా బావకి ఈ కథ నోటికి వచ్చు. ఇంకేం, గోడ చూపించి మొదలెట్టాడు. "జూడు బామ్మర్దీ. కాయితం లేదు, కలం లేదు. బొగ్గుతోని రాసిండు. నీకు కంప్యూటరుంది, ఫోనుంది, రైలు పాసుంది. ఇంకేం గావాలె?"

మా బావ మీద నాకు గౌరవమే. కాని ఈ వాదన మీద లేదు. మహానుభావుల కష్టాలని మనవాళ్ళు అదేపనిగా బెత్తంలా వాడతారు. జైల్లో పెడితే కవిత్వం వస్తుందనుకుంటే, ప్రతి జైలు నుంచీ ఏటా పది ప్రబంధాలు బయటికి రావాలి. దాశరథిగారికి బొగ్గు చాలడానికి కారణం, ఆయన దగ్గర చెప్పవలసిన మాట ఉండటం. అది గోడ లోపలికి రాకముందే ఆయనతో ఉంది. ఆ మాటని గంటకి 240 చొప్పున చెప్పమని ఆయన్నెవరూ అడగలేదు. పైగా ఆయన ఎక్కడికీ తిరగలేదు చూశారా? నాలుగ్గోడల మధ్య కూర్చుని రాశారు. ఊరు తిరిగితే ఊరుతుందనేవాళ్ళకి ఈ గోడే జవాబు. ఈ మాట అంటే మా బావ మాట్లాడకుండా స్కూటరు స్టార్ట్ చేశాడు.

మూడో రోజు బోధన్ వెళ్ళాం. నిజామాబాదు నుంచి గంట ప్రయాణం కూడా కాదు. మంజీరమీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. ఆ కాలవల నీళ్ళతో ఇక్కడ చెరుకు పెరిగింది. ఎక్కడో కృష్ణా గుంటూరు జిల్లాల నించి రైతులొచ్చి పొలాలు కొనుక్కుని దిగితే, వాళ్ళ ఊళ్ళకి క్యాంపులని పేరు నిలిచిపోయింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ లేచిన ఊరే శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కార్ఖానా అని పాఠ్యపుస్తకాల్లో చదివాం. 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తరవాత తెరుస్తామన్న మాట ప్రతి ఎన్నికలకీ వినబడుతూ వచ్చింది.

ఫ్యాక్టరీకి దగ్గర్లో ఓ హోటల్లో టీ తాగుతుండగా మా బావ తనకు తెలిసిన ఒక పెద్దాయన్ని పరిచయం చేశాడు. మిల్లు హౌసులో ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేశాడట. నేను ఫలానా అని తెలిశాక ఆయన నా చేతిలోని ఫోను వంక చూసి, మొహమాటపడుతూ అడిగాడు.

"సారూ, ఫ్యాక్టరీ నడుస్తున్నట్టు బొమ్మ తీస్తరా? మా మనుమరాలు సూడలే. గది వుట్టేసరికే బందయ్యింది."

ఇంత తేలిక కోరిక ఎవరూ కోరి ఉండరనుకున్నాను. పది నిమిషాల్లో నలభై బొమ్మలు తీశాను. ఒక్కొక్కటే చూపించాను. పెద్దాయన ఫోను కళ్ళకి దూరంగా పట్టుకుని, మర్యాదగా, ఒక్కొక్కటీ చూసి తల అడ్డంగా ఊపాడు.

"గిది మందుల ఫ్యాక్టరీ లెక్కున్నది సారూ."

ఇంకోటి.

"గిది చెరుకా, వెదురా?"

ఇంకోటి.

"పొగ జూడుండ్రి. గీ చిమ్నీది గటు వోతున్నది, గా చిమ్నీది గిటు వోతున్నది. గాలి ఒక్కటే గద!"

ఆఖరికి నేను గర్వంగా దాచుకున్న ఒక దాన్ని చూపించాను. షిఫ్టు దిగి గేటులోంచి వస్తున్న కార్మికులు. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. "అందరు నవ్వుతున్నరు," అన్నాడు. "రాత్రి షిఫ్టు దిగెటోని మొఖం గిట్లుంటదా సారూ?"

నా నలభై బొమ్మల్నీ ఆయన నలభై నిమిషాల్లో కడిగేశాడు. నేను వాటిల్లో ఒక్క తప్పూ పట్టలేకపోయాను. ఆయన పట్టాడు. చూడటం అంటే ఏమిటో మర్చిపోయిన కళ్ళు నావి. ముప్ఫై ఏళ్ళు ఒక్కదాన్నే చూసిన కళ్ళు ఆయనవి.

ఇంతలో పక్క బల్ల మీది కుర్రాడొకడు ఇదంతా విని దగ్గరికొచ్చాడు. రెండు చిమ్నీల బొమ్మ చూసి మొహం వెలిగిపోయింది. "అన్నా, గిది నాకు వంపు. మావోళ్ళ గ్రూపుల వెడ్త. ఫ్యాక్టరీ షురువైందని. అందరు పరేషాన్ కావాలె!" అన్నాడు నవ్వుతూ.

వాడి సరదా వాడిది. కాని నాకు చెయ్యి చల్లబడింది. ఆ పొగ తప్పని పెద్దాయనకి తెలుసు గాని, అరచేతంత ఫోనులో చూసే వందమందికి తెలియదు. 2015 నించీ ఆ చిమ్నీ వంక చూస్తూ కూర్చున్న ఊరది. ఎవరో ఒకరు నమ్ముతారు. ఎవరో ఒక రైతు చెరుకు విత్తనం కోసం బేరం మొదలెడతాడు. ఎవరో ఒక ఇంట్లో పాత ఐడెంటిటీ కార్డు కోసం పెట్టె వెతుకుతారు. నలభైకి నలభై అక్కడే చెరిపేశాను. కుర్రాడు నొచ్చుకున్నాడు. "ఏందన్నా, జోక్‌కు గూడ గింత భయమా?" అన్నాడు. అవును, భయమే. ఇదివరకు నా కుంచెకి ఒక ఊరిని మోసం చేసేటంత శక్తి లేదు. చేద్దామన్నా రంగు ఆరేలోగా బుద్ధి వచ్చేది.

బోధన్ని భారతంలోని ఏకచక్రపురం అంటారు ఇక్కడివాళ్ళు. బకాసురుడి ఊరన్న మాట. రోజుకో ఇంటివారు వంతు ప్రకారం బండెడన్నం, రెండు దున్నపోతులు, తోలుకొచ్చిన మనిషి, అంతా వాడికి ఆహారం. మా యంత్రాల తిండి ఇలాంటిదే. 2022లో బయటపెట్టిన లయాన్ అనే ఒక్క పట్టికలోనే 585 కోట్ల బొమ్మల జాబితా ఉంది. ప్రపంచంలో ఎవరెవరో గీసినవీ, తీసినవీ. వాటిని గీసినవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు, మా అన్నం మమ్మల్నడక్కుండా తినిపించారని. న్యాయమైన మాటే. ఆ అన్నం తిన్న బకుడి చేతే నేను పనిచేయించుకుంటున్నాను గనక, నాకు వాళ్ళ ఎదుట తలెత్తుకునే ముఖం లేదు. కాని ఇన్నాళ్ళూ నేను బండి తోలేవాణ్ణే కదా, నాకేం అనుకున్నాను. భారతం సరిగ్గా చదువుకోలేదు. వాడు బండి తోలినవాణ్ణి కూడా తింటాడు!

కుర్రాడు వెళ్ళిపోయాక పెద్దాయన ఇంకో టీ చెప్పాడు. డబ్బులు నన్నివ్వనీలేదు. మాటల్లో నేను అడిగాను, సీజనంతా రాత్రీ పగలూ మిల్లు నడిపాక మీకేం చేసేవారని.

"ఓవరాలింగ్" అన్నాడు.

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్ళల్లో వచ్చిన వెలుగు నా నలభై బొమ్మల్లో ఒక్కదాంట్లోనూ లేదు. చలికాలం మొదట్లో క్రషింగు మొదలైతే ఎండాకాలం దాకా మిల్లు ఆగదు. నరికిన చెరుకు ఎండలో ఆగదు. ఆలస్యమైతే తీపి పడిపోతుంది. కనక మూడు షిఫ్టులు. చెరుకు అయిపోయాక ఆపుతారు. ఆపాక మొత్తం విప్పుతారు. రోలర్లు దింపి, అరిగిన పళ్ళకి మళ్ళీ గరుకు తెప్పించి, బాయిలర్ గొట్టాలు గీకి, బేరింగులు కడిగి, గ్రీజు పెట్టి, వానాకాలమంతా అదే పని. ఆ నెలల్లో ఒక్క గింజ చక్కెర రాదు. "మిల్లు గప్పుడే బతుకుతుండె సారూ. ఓవరాలింగ్ జెయ్యకుంటే వచ్చే సీజన్ల జనవరికే పట్టేస్తది" అన్నాడు.

అంత పెద్ద ఇనుప మిల్లుకి ఏటా నాలుగైదు నెలలు చక్కెర తీయని కాలం ఉందని నిజాం ప్రభుత్వంలో 1937లోనే తెలుసు. నన్ను పెట్టుకున్న కంపెనీకి ఇప్పటికీ తెలీదు. నిజం చెప్పొద్దూ, నాకూ తెలీదు. ఖాళీగా ఊరికొచ్చి ఖాళీగా తిరిగి వెళ్ళడం తప్పని నేనే అనుకున్నాను. అక్క "తిని పండు" అన్నా నేనే ఫోను తీశాను. "ఏం చేసుకొచ్చావు?" అని ఇంటికెళ్ళగానే అడిగే లోకం ఇది. యాత్ర చేసి ఫోటో పెట్టనివాడు యాత్ర చేయనట్టే. సముద్రం ఒడ్డున కూర్చున్నవాడు కూడా సముద్రాన్ని ఎవరికో అప్పగించాల్సిన సరుకులా చూస్తున్నాడు. ఇలా తిరిగితే ఊట ఎక్కడ ఊరుతుందండీ? ఊరే లోపల మోటారు పెట్టి తోడేస్తుంటిమి.

చెరుకులో మొక్క తోట అనీ, కార్శి తోట అనీ ఉంటాయి. కొత్తగా ముచ్చెలు నాటితే మొక్క తోట. నరికాక ఆ మోళ్ళనే మళ్ళీ చిగురించనిస్తే కార్శి. ఖర్చు తక్కువ, తొందరగా చేతికొస్తుంది. కాని కార్శి మీద కార్శి తీస్తూ పోతే దిగుబడి పడిపోతుంది, తెగుళ్ళు ముదురుతాయి. ఎప్పుడో ఒకప్పుడు దున్ని, వేరే పంట వేసి, మళ్ళీ ముచ్చె నాటాల్సిందే. ఇది మామూలు రైతుకి తెలిసిన సంగతి. 2024లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఏఐకి ఏఐ చేసినదాన్నే మేతగా పెడుతూ పోతే తరం తరానికీ అది చెడిపోతుందనీ, అన్నిటికన్న ముందు అరుదైన సంగతులు దాని జ్ఞాపకంలోంచి మాయమవుతాయనీ. అరుదైన సంగతులంటే ఏమిటి? రాత్రి షిఫ్టు దిగేవాడి మొహం. పసుపు కుప్ప మీద వేసిన చెయ్యి. అవి నా బొమ్మల్లో లేకపోవడానికి యంత్రాన్ని తిట్టి ఏం లాభం, నా కళ్ళల్లోనే లేవు.

కంపెనీకి ఉత్తరం రాశాను. జ్యేష్ఠం నించి భాద్రపదం దాకా బొమ్మలుండవు, జీతం ఇస్తే సంతోషం, ఇవ్వకపోతే మానేయండి, ఉద్యోగం తీసేస్తే అదీ చెప్పండి అని. ఇంత ధైర్యం నాకు పుట్టుకతో రాలేదు. మా ఆవిడ ట్యూషన్ల మీద నాలుగు నెలలు నెట్టుకురావచ్చని ఇద్దరం కాగితం మీద లెక్క వేసుకున్నాకే రాశాను. అలా లెక్క వేసుకునే వీలు లేనివాళ్ళు ఈ పనిలో చాలామంది ఉన్నారు. బొమ్మకింత అని తీసుకునే పిల్లలు, ఆగితే ఆ పూట అన్నం ఆగిపోయేవాళ్ళు. వాళ్ళకి నేను ఓవరాలింగ్ చేసుకోమని చెప్పబోను. ఊరు తిరిగి రమ్మన్న పెద్దమనుషులకీ నాకూ అప్పుడు తేడా ఏముంది? చెప్పాల్సింది వాళ్ళ చేత పని చేయించుకునేవారికి. మీ చిమ్నీలోంచి పొగ రావాలంటే, కొన్ని నెలలు రాకూడదండీ.

కంపెనీ వారు ఇంతవరకూ జవాబు రాయలేదు.

పెద్దాయన మాత్రం మనవరాలి ఫోను నించి రెండుసార్లు మాట్లాడాడు. బొమ్మ సంగతి అడగలేదు. గేటు దగ్గర కాంటా ఎటువైపుండేదో ఆవేళ తప్పు చెప్పాననీ, అది కుడిచేతి వైపు కాదు, ఎడమచేతి వైపనీ చెప్పడానికి ఒకసారి. బండ్ల వరస రోడ్డు మీద ఎక్కడిదాకా నిలబడేదో, ఎడ్లకి నీళ్ళు ఎక్కడ పట్టేవారో చెప్పడానికి ఇంకోసారి. ఓ నోటుబుక్కులో రాసుకున్నాను. వానలు వెలిశాక వస్తాననీ, ఈసారి ఫోను తేననీ అన్నాను. "రాండ్రి. వారం దినాలు ఉండేటట్టు రాండ్రి" అన్నాడాయన.